శేషఫణి మెచ్చిన రేడియో

శేషఫణి మెట్లు దిగి వస్తున్నాడంటే వీధిలో తలుపులు మూసుకోవడం మొదలైంది.

మొదట్లో వాడు పట్టించుకోలేదు. ఎండకి మూసుకుంటున్నారులే అనుకున్నాడు. తర్వాత ఒకరోజు బార్బరు తన కొత్త అద్దం మీద గబగబా తువ్వాలు కప్పడం కళ్ళారా చూశాడు. టైలరైతే మెడలో వేలాడుతున్న టేపు కూడా తీసి జేబులో కుక్కుకున్నాడు. మొన్న మొన్నటిదాకా వీళ్ళే "రా, కూర్చో, టీ తాగి వెళ్ళు" అని చెయ్యి పట్టుకుని లాగినవాళ్ళు.

వాడికి ఏడుపొక్కటే తక్కువ. అరబ్బీ మాట్లాడటం నేర్చుకుందామని ఇంత దూరం వస్తే మాట్లాడే మనిషే దొరక్కుండా పోయె. వేసవి కాస్తా అయిపోతే, గోడలతో మాట్లాడి వచ్చానని ఇంటికెళ్ళి చెప్పుకోవాలి. నేరుగా గురువుగారి దగ్గరికి పోయి మొర పెట్టుకున్నాడు.

ఉస్తాద్ హిక్మత్ అప్పుడు వాకిట్లో కుండీలకి నీళ్ళు పోస్తున్నాడు. సంగతంతా విన్నాడు, పోయడం మాత్రం ఆపలేదు.

"వాళ్ళతో ఏం మాట్లాడావు?" అని అడిగాడు.

"అన్నీ మంచి మాటలే ఉస్తాద్. మెచ్చుకున్నాను."

"దేన్ని?"

"వాళ్ళ దగ్గరున్న ప్రతి దాన్నీ."

ఉస్తాద్ చెంబు కింద పెట్టి, వాడి మొహంలోకి కాసేపు చూశాడు. సాయంత్రం నీ గదికి వస్తానన్నాడు.

ఇక్కడ మా శేషఫణి పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పాలి. లేకపోతే తప్పంతా మీరు వాడి మీదే తోసేస్తారు.

మాది తెనాలి. వాళ్ళ నాన్న పురుషోత్తం గారు మా ఊళ్ళో సన్మాన పత్రాలు రాస్తారు. హెడ్మాస్టరు రిటైరైనా, ఆఫీసరు బదిలీ అయినా, నాటకం వాళ్ళకి కప్పు వచ్చినా, పత్రం ఆయన రాయాల్సిందే, ఆయన చదవాల్సిందే. ఆయన గొంతెత్తి చదువుతుంటే, ఇదంతా ఎవరి గురించా అని సన్మానం చేయించుకునేవాడే వెనక్కి తిరిగి చూసుకుంటాడు. కరెంటాఫీసు గుమాస్తాని పట్టుకుని "చీకటి గుండెల్లో నిద్రించిన ధీరుడా" అని ఆయన పిలిచినప్పుడు, ముందు వరసలో ఉన్న గుమాస్తా భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అంతా అయ్యాక, రాసినందుకు ఆయనకీ ఒక శాలువా కప్పుతారు. అది మా ఊరి రివాజు. వాళ్ళింట్లో దుప్పటి కొన్న పాపాన పోలేదు. చలికాలం వస్తే ఇంటిల్లిపాదీ జరీ అంచు శాలువాలు కప్పుకుని పడుకుంటారు.

ఆ శాలువాల కింద పెరిగాడు శేషఫణి. నోరు తెరిచి నాలుగు పొగడ్తలు వదిలితే భుజం మీద ఏదో ఒకటి పడుతుందని వాడికి ఊహ తెలిసినప్పట్నించీ తెలుసు.

హైదరాబాదులో అరబ్బీ చదివాడు. అంతా పుస్తకాల అరబ్బీయే. క్లాసులో వాడే ఫస్టు. మాట్లాడటం కూడా వస్తుందని ఆ వేసవికి జోర్డాన్ పంపించారు. అమ్మాన్‌కి దగ్గర్లో కొండ మీద ఊరు, పసుపు రాతి ఇళ్ళు, వీధి మొత్తం మెట్లే. ఉస్తాద్ హిక్మత్ రిటైరైన బడిపంతులు. వేసవిలో బయటి దేశాల పిల్లలకి పాఠం చెప్తాడు. పొద్దున పూట పాఠం, సాయంత్రం వీధిలో పడి జనంతో మాట్లాడి రమ్మనడం, అదీ ఆయన పద్ధతి.

మొదటి సాయంత్రం మనవాడు బార్బరు కొట్లోకి వెళ్ళాడు. అక్కడ ఇత్తడి కాఫీ కూజా ఒకటి తళతళలాడుతోంది. శేషఫణి గొంతు సవరించుకున్నాడు.

"ఓ కూజా, నిన్ను తోమిన చేతులు ధన్యమైనవి. సూర్యుడు రోజూ నీలో మొహం చూసుకుని, తల దువ్వుకుని, ఆ తర్వాతే ఉదయిస్తున్నాడు."

గడ్డం గీయించుకుంటున్నవాడు నురగతోనే లేచి కూర్చున్నాడు. బార్బరు కత్తి పక్కన పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకుని, "నీకే సమర్పణ" అన్నాడు.

అది ఆ ఊరి మర్యాద. మన వస్తువు ఎవరైనా బాగుందంటే "నీకే సమర్పణ" అనాలి. మెచ్చుకున్నవాడు వెంటనే "అయ్యయ్యో, మీ దగ్గరుంటేనే అందం" అనాలి. ఇద్దరూ నవ్వుకోవాలి. వస్తువు ఉన్నచోటే ఉంటుంది. మన వైపు, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్నవాణ్ణి "భోంచేసి వెళ్ళకూడదూ" అంటామే, ఇదీ అలాంటిదే. అక్కడ పసిపిల్లలకి కూడా తెలుసు, అందుకే ఏ పుస్తకంలోనూ రాయలేదు.

శేషఫణి కూజాని రెండు చేతులతో అందుకున్నాడు. శాలువా కప్పించుకునేవాడిలా తల కూడా వంచాడు. అందుకుని తిన్నగా ఇంటికి నడిచాడు.

ఇక వాడికి అడ్డేముంది? మర్నాడు టైలరు దగ్గర పసుపు రంగు పాట పిట్టని మెచ్చుకున్నాడు. పంజరంతో సహా వచ్చింది. గది అద్దెకిచ్చిన ఇంటావిడ గొడుగుని మెచ్చుకున్నాడు, ఆ గొడుగు వేసుకునే కిందికి దిగాడు. నా అరబ్బీకి ఈ వీధి దాసోహమైపోయిందని పొంగిపోయాడు. వచ్చినవన్నీ బల్ల మీద వరసగా పేర్చుకున్నాడు, వాళ్ళింట్లో షీల్డులు పేర్చినట్టు.

అన్నిటికంటే పెద్ద సన్మానం అబూ నిజార్ దగ్గర జరిగింది. అబూ నిజార్ వీధి చివర ఉండే ముసలాయన. ఒకప్పుడు లారీ తోలేవాడు. భార్య పోయాక ఒంటిగా ఉంటున్నాడు. సాయంత్రం పూట గుమ్మం ముందు మెట్టు మీద కూర్చుని, కిటికీలో పెట్టుకున్న పాత రేడియో వింటుంటాడు. ఆ ఇంట్లో ఇంకో మనిషి గొంతంటే అదే.

శేషఫణి ఆ రేడియో ముందు చేతులు కట్టుకుని నిలబడి, లోకమంతా కాళ్ళు ముడుచుకుని ఈ చిన్న పెట్టెలో సర్దుకుందన్నాడు. ఇంకా చాలా అన్నాడు. ముసలాయన రేడియో వంక చూశాడు, కుర్రాడి వంక చూశాడు, మళ్ళీ రేడియో వంక చూశాడు. "నీకే సమర్పణ" అనడానికి ఆయనకి కాస్త టైము పట్టింది. నా మాటలకి పెద్దాయన తబ్బిబ్బయ్యాడని శేషఫణి అనుకున్నాడు.

మరి ఎవరో ఒకరు చెప్పొచ్చుగా అని మీరడగొచ్చు. ఎలా చెప్తారండీ? ఇది ఉత్త మర్యాద నాయనా అని చెప్పడమంటే, ఇచ్చింది తిరిగి అడగడమే. ఆ వీధిలో ప్రాణం పోయినా ఎవరూ ఆ పని చెయ్యరు. మింగలేక కక్కలేక ఉన్నారు. చేసేదిలేక వస్తువులు లోపల దాచుకుని తలుపులేసుకున్నారు. ఉస్తాద్‌కి కూడా ఎవరూ నోరు విప్పి చెప్పలేదు, చెప్తే పితూరీ అవుతుందని.

సాయంత్రం ఉస్తాద్ అన్నమాట ప్రకారం వచ్చాడు. బల్ల మీద కొలువుదీరిన కూజానీ, గొడుగునీ, పంజరాన్నీ, రేడియోనీ వరసగా చూశాడు. అక్కణ్ణించి వంట గట్టు దగ్గరికి నడిచాడు. అక్కడ శేషఫణి ఆవకాయ సీసా ఉంది.

ఆ సీసా గురించి చెప్పాలంటే నాకే నోరూరుతోంది. వాళ్ళమ్మ పెట్టిన ఆవకాయ. విమానంలో కారకుండా కవరు మీద కవరు చుట్టి, పైన ఒక శాలువా కూడా చుట్టి పంపింది. ఆ ఊళ్ళో మూడు పూటలా రొట్టే. మనవాడు వేసవంతా రావాలని చెంచా చివరితో మీగడ తీసినట్టు తీసుకుని, రొట్టెకి రాసుకుని, కళ్ళు మూసుకుని తింటున్నాడు. ముక్కని అయితే చప్పరించి మళ్ళీ పూటకి దాచుకునేవాడు. బెంగ పుట్టినప్పుడు మూత తీసి వాసన చూసి పెట్టేసేవాడు.

ఉస్తాద్ ఆ సీసా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఓ సీసా, నీ ఎరుపు చూసి మా దానిమ్మ తోటలు తలుపులేసుకున్నాయి. నీ నూనె చూసి మా ఆలివ్ చెట్లు సిగ్గుతో కొండ దిగి వెళ్ళిపోతున్నాయి. నీలో మునిగి కూర్చున్న ఆ వెల్లుల్లి రేకలు ఎంత అదృష్టం చేసుకున్నాయో."

శేషఫణి మురిసిపోయాడు. ఉస్తాద్ కూడా మా నాన్న దారిలోకి వచ్చేశాడనుకున్నాడు. ఆలివ్ చెట్లు కొండ దిగడం దగ్గర భళా అని తల కూడా ఊపాడు.

ఉస్తాద్ మాటలు ఆగిపోయాయి. ఆయన మాత్రం కదల్లేదు. చేతులు కట్టుకుని, శేషఫణి మొహంలోకి చూస్తూ అలాగే నిలబడ్డాడు. గదిలో పిట్ట ఒక్కటే అటూ ఇటూ గెంతుతోంది.

ఇప్పుడు ఇంటివాడు అనాల్సిన మాట ఏమిటో శేషఫణికి తెలుసు. వీధి వీధంతా వాడికి చెప్పిన మాటే. సీసా వంక చూశాడు, ఉస్తాద్ వంక చూశాడు, మళ్ళీ సీసా వంక చూశాడు.

"మీకే సమర్పణ," అన్నాడు. ఆ గొంతు వాడిది కాదు.

అయ్యయ్యో నీ దగ్గరుంటేనే అందం అని ఉస్తాద్ అనలేదు. రెండు చేతులా సీసా అందుకున్నాడు. తల వంచాడు. చంకలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ పూట శేషఫణికి ఉత్త రొట్టె ముద్ద గొంతు దిగలేదు. సీసా పోయిందని కాదు. అంటే, సీసా పోయిందనే, కాదని నేను అబద్ధమెందుకు చెప్పాలి? కానీ దాంతో పాటు ఇంకోటి కూడా గొంతుకి అడ్డం పడింది. రేడియో వంక చూసి, తన వంక చూసి, మళ్ళీ రేడియో వంక చూసిన ముసలాయన మొహం కళ్ళ ముందుకి వచ్చింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

తెల్లారగానే కూజా పట్టుకుని బార్బరు దగ్గరికి పరిగెత్తాడు. తీసుకోండి, తెలీక జరిగింది అన్నాడు. బార్బరుకి కోపం వచ్చింది. ఇచ్చింది వెనక్కి పుచ్చుకునే మనిషిలా కనబడుతున్నానా, మా తాతలు వింటే ఏమనుకుంటారు అని కొట్టు దద్దరిల్లేలా అరిచాడు. కస్టమర్లు కూడా బార్బరు వైపే మాట్లాడారు. శేషఫణి కూజాతోనే బయటపడ్డాడు.

అప్పుడు వాడికో ఉపాయం తట్టింది. వాళ్ళే ఈ వస్తువుల్ని మెచ్చుకుంటే చాలు, నీకే సమర్పణ అని చేతిలో పెట్టేయొచ్చు. ఇంకేం, ఒక చేత్తో కూజా, ఒక చేత్తో పంజరం, మెడలో రేడియో, చంకలో గొడుగు, మెట్ల వీధి పై నుంచి కిందికీ, కింది నుంచి పైకీ ఊరేగాడు. ఊళ్ళోకి సంత వచ్చిందేమోనని కుక్కలు వెంటపడ్డాయి. ఒక్కరు మెచ్చుకుంటే ఒట్టు. మెచ్చుకుంటే అడిగినట్టవుతుందని అందరూ మబ్బుల్లేని ఆకాశం వంక చూశారు. టైలరు పిట్టని చూశాడు, పిట్ట టైలర్ని చూసింది, ఆయన కళ్ళు ఒత్తుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. అబూ నిజార్ అయితే రేడియో కనబడగానే మొహం పక్కకి తిప్పుకుని, పద్ధతిగా కుశలం అడిగాడు.

చెమటలు కక్కుకుంటూ శేషఫణి ఉస్తాద్ ఇంటికి చేరాడు.

ఉస్తాద్ భోజనం ముందు కూర్చుని ఉన్నాడు. రొట్టె మీద ఆవకాయ జామ్ రాసుకున్నట్టు మందంగా రాసుకుని తింటున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, ముక్కు ఎర్రగా ఉబ్బిపోయింది. ఆపుతాడా అంటే ఆపడం లేదు. ఆయన తీసుకునే చెంచా లోతు చూసి శేషఫణి ప్రాణం ఉసూరుమంది. అది వాడికి వారం రోజుల గ్రాసం.

"ఎవరూ తీసుకోవడం లేదు ఉస్తాద్. ఎవరూ మెచ్చుకోవడం కూడా లేదు. ఏం చెయ్యను?"

ఉస్తాద్ చెంబెడు నీళ్ళు తాగాడు. రుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇన్నాళ్ళూ ఇంత మాట్లాడావు. వీళ్ళలో ఒక్కరినైనా ఏమైనా అడిగావా?"

"ఏం అడగాలి?"

"నీకు రానిది," అని మళ్ళీ రొట్టె తుంచుకున్నాడు.

శేషఫణి గదికి వచ్చి రేడియో ముందు కూలబడ్డాడు. వాడికి రానిదేమిటో వాడికి బాగా తెలుసు. ఆ రేడియో తెచ్చుకున్న రోజునే గొప్పగా పెట్టి విన్నాడు. వార్తలు గబగబా పరిగెత్తిపోయాయి, నాటకంలో ఎవరో ఎవరినో తిట్టారు, పాటలో ఎవరో ఏడ్చారు. ఒక్క ముక్క తలకెక్కలేదు. క్లాసు ఫస్టుకి ఇంతకంటే అవమానం ఉంటుందా? చప్పున ఆపేసి, అప్పట్నించీ దాని జోలికి వెళ్ళలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సి వస్తుందని కూడా అనుకోలేదు.

సాయంత్రం రేడియో చంకన పెట్టుకుని వీధి చివరికి నడిచాడు. దారి పొడుగునా ఒక చక్కటి ఉపన్యాసం తయారుచేసుకున్నాడు. అందులో నీళ్ళు లేని నది ఉంది, తీగ తెగిన వీణ ఉంది, వాళ్ళ నాన్న వింటే శాలువా కప్పే సరుకంతా ఉంది. అబూ నిజార్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కిటికీ ఖాళీగా ఉంది. ఆయన మోచెయ్యి అలవాటు కొద్దీ ఆ ఖాళీ పక్కనే ఆనించి ఉంది.

అది చూశాక ఉపన్యాసం ఎటుపోయిందో పోయింది.

"బాబాయ్," అన్నాడు. అరబ్బీలో కూడా పెద్దవాళ్ళని బాబాయ్ అనే పిలుస్తారు. "ఇది మాట్లాడేది నాకు అర్థం కావట్లేదు."

ముసలాయన తలెత్తాడు. "ఏది అర్థం కాలేదు?"

"ఏదీ."

"ఒక్క ముక్క కూడా?"

"ఒక్క ముక్క కూడా. మీ దగ్గరుంటే రోజూ వచ్చి వింటాను. మీరు విడమరిచి చెప్పండి."

అబూ నిజార్ వాణ్ణి ఎగాదిగా చూశాడు. సూర్యుడికి తల దువ్విన కుర్రాడు ఇలా మాట్లాడతాడని ఆయన అనుకోలేదు. ఇచ్చింది వెనక్కి పుచ్చుకోవడం వేరు, రానివాడికి చెప్పడం వేరు. రానివాడికి చెప్పనని ఏ మొహం పెట్టుకుని అంటాడు? ఆయన మెట్టు మీద కొంచెం పక్కకి జరిగాడు. రేడియో కిటికీలోకి ఎక్కింది. చూడకుండానే ఆయన వేళ్ళు మీట దగ్గరికి వెళ్ళాయి.

ఆ తర్వాత శేషఫణి పిట్టకి మేత పెట్టడం రావట్లేదని టైలరు దగ్గరికి వెళ్ళాడు. కూజాలో కాఫీ పొంగించి పొయ్యి ఆర్పేస్తున్నానని బార్బరు దగ్గరికి వెళ్ళాడు. నువ్వట్టా చేస్తే ఎట్టాగయ్యా, ఇలా తే అని వాళ్ళు చేతుల్లోంచి లాక్కున్నంత పని చేశారు. గొడుగు విషయంలో మాత్రం వాడికి రానిదేమీ తోచలేదు. చివరికి ముడుచుకోవడం లేదని ఇంటావిడకి చూపించాడు. ఆవిడ చెయ్యి తగలగానే ముడుచుకుంది. ఆవిడ దాన్ని గుమ్మం పక్కన మేకుకి తగిలించుకుంది.

తలుపులు తెరుచుకున్నాయి. వాడి అరబ్బీ మాత్రం నేలకి దిగిపోయింది. సూర్యుడూ అదీ మాయమై, "ఇదేంటి", "మళ్ళీ చెప్పండి", "నిజంగానా" మిగిలాయి. పాఠంలో తప్పులు కూడా ఎక్కువయ్యాయి, ఉస్తాద్ దిద్దడం మానేశాడు. ఆయనకి కొత్తగా అన్నం మీద మోజు పుట్టిందట, ఆవకాయలోకి.

రోజూ సాయంత్రం అబూ నిజార్ మెట్టు మీద పాఠం నడిచేది. రేడియో ఒక మాటంటే ముసలాయన పది మాటలు చెప్పేవాడు. వార్తల్లో ఎడారి దారి పేరు వస్తే, ఆ దారిలో తన లారీ ఎక్కడెక్కడ చెడిపోయిందో చెప్పేవాడు. పాట వస్తే, ఈ పాట వస్తుంటే మా ఆవిడ గిన్నెలు తోమడం ఆపి వినేదని చెప్పేవాడు. మనవాడికి సగం అర్థమయ్యేది. అర్థం కాని సగాన్ని అడిగేవాడు.

ఇంక కొద్ది రోజుల్లో బయల్దేరతాడనగా, ఒక సాయంత్రం వాడు వెళ్ళేసరికి రేడియో మోగుతోంది. వార్తలవాడు అప్పుడే అందుకున్నాడు. శేషఫణి మెట్టు మీద కూర్చున్నాడు. అబూ నిజార్ చెయ్యి చాచి, రేడియో కట్టేశాడు.

"ఎందుకు ఆపేశారు బాబాయ్? వార్తలు వస్తున్నాయిగా."

"అది నేను చెప్పేది వినదు," అన్నాడు ముసలాయన. "నువ్వు దగ్గరికి జరుగు."